నాలుగో నంబరు సీసా

వేపింగులో, అంటే ఈ-సిగరెట్టుతో ఆవిరి పీల్చడంలో, వాడే ద్రవాన్ని పండ్ల రుచితో ఎవరైనా కలపగలరనీ, పొగాకు రుచిని పట్టుకోవాలంటే మాత్రం గడ్డం నెరవాలనీ ఈ విద్యలో ఆరితేరిన పెద్దలు అంటుంటారు. అందులో సగం నిజమే. దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొస వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. పొగాకు రుచి అని మనం అనుకునేదానిలో పెద్ద వాటా ఆ మంటదే. వేప్ పరికరంలో మంట అన్న మాటే లేదు. ద్రవానికి మూలమైన ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి కనుక, కాయిల్ అనే తీగచుట్ట వేడెక్కితే ద్రవం ఆవిరవుతుందే తప్ప ఏదీ కాలదు, కాలకూడదు కూడా. అంటే నిప్పు లేకుండా నిప్పు రుచి పుట్టించమని అడుగుతున్నారన్నమాట. మిగతా సగాన్ని ఆ పెద్దలు శాతాలలో చెబుతారు. అసిటైల్ పైరజీన్ అనే వాసన పదార్థపు ద్రావణం అర శాతం వేస్తే వేయించిన గింజల వాసన వస్తుందనీ, చేయి జారితే పేలాల వాసన తప్ప మరేమీ మిగలదనీ హెచ్చరించి, ఆ అర శాతాన్ని ఎలా కొలవాలో చెప్పకుండా తరువాతి పాళ్ళలోకి వెళ్ళిపోతారు.

నేను వర్జీనియా, బర్లీ, ఆర్‌వై4, లటాకియా అనే పొగాకు ఫ్లేవర్ల చిన్న సీసాలు తెప్పించాను. రుచి కుదిరేదాకా నికోటిన్ జోలికి పోకూడదని నిశ్చయించుకున్నాను. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకే పదార్థంతో నేర్చుకొనే దశలో ఆడుకోవడం నాకు నచ్చదు. మా బావమరిది సెలవులకు వచ్చి ఉన్నాడు, ఖాళీగా ఉన్నాడు, చదువుకున్నవాడు. పాళ్ళ కాగితాన్ని అతని చేతికిచ్చి, ఒక్కొక్క పదార్థం పేరు చదువుతూ, అది సీసాలో పడ్డాక దాని ఎదురుగా గుర్తు పెట్టమన్నాను. ఇంతకన్నా తేలికైన పనిని ఏ బంధువుకూ ఎవరూ అప్పగించి ఉండరు.

పని మొదలుపెట్టే ముందు అతనికి పొగాకు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. వర్జీనియా ఆకును కొలిమి వేడితో కాగే కొట్లలో ఆరబెడతారు కనుక అందులో చక్కెర నిలిచి తీపి వస్తుందనీ, బర్లీని నీడలో గాలికి నెమ్మదిగా ఆరబెడతారు కనుక చక్కెర దాదాపు హరించుకుపోయి ఎండు గింజల రుచి మిగులుతుందనీ చెప్పాను. ఆర్‌వై4 అనేది ఏ ఆకూ కాదు. చైనాలో 2003 ప్రాంతంలో ఆధునిక ఈ-సిగరెట్టును రూపొందించిన ఫార్మసిస్టు హోన్ లిక్‌తో ముడిపడిన రుయాన్ సంస్థ పేరు మీద నిలిచిపోయిన రుచి అది, పొగాకుకు కారమెల్, వెనిల్లా తోడైనది. ఇక సిరియా రేవుపట్టణం పేరు మోస్తున్న లటాకియా వీటన్నింటికీ పెద్దన్న. ఆ ఆకును సువాసన గల కట్టెల పొగలో పదును చేస్తారు, నేడు అది ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తుంది. ఈ చివరి సంగతిని మరీ ఉత్సాహంగా చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది.

చుక్కల లెక్కతో కలిపితే చుక్కకూ చుక్కకూ పొంతన కుదరదు, అందుకే తెలిసినవాళ్ళు తూకంతో కలుపుతారు. గ్లిజరిన్ మిల్లీలీటరు 1.26 గ్రాములు, ప్రొపిలీన్ గ్లైకాల్ దాదాపు 1.04 గ్రాములు తూగుతాయి కనుక సాంద్రతలతో గుణించుకుంటే గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు సరిపోతుంది. సరిపోతుంది అని త్రాసు కొనకముందు అనుకున్నాను. ఈ త్రాసును తయారుచేసిన మహానుభావుడికి గ్లిజరిన్ ఎంత నిదానంగా జారుతుందో ఎవరూ చెప్పినట్టు లేదు. దానిని కదిలించకుండా కాసేపు ఉంచితే బ్యాటరీ పొదుపు పేరుతో తనంతట తానే ఆరిపోతుంది. మళ్ళీ వెలిగిస్తే పళ్ళెంలో ఉన్న సీసాను, అందులో అప్పటిదాకా మనం పోసిన సమస్తాన్ని కలిపి సున్నా అని ప్రకటిస్తుంది. చిక్కటి ద్రవం దారంలా సాగుతూ సీసాలోకి దిగుతుంటే, చివరి కొన్ని చుక్కల కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, సరిగ్గా ఆ క్షణంలో అంకెలు మాయమవుతాయి. పొదుపు అయిన బ్యాటరీ ఎంతో నాకు తెలియదు గానీ, ఆ నాలుగు సీసాలు నిండేలోపల నా నోట వెలువడిన మాటలను పొదుపు చేసి ఉంటే నా మర్యాద కొంత మిగిలేది.

నాలుగో సీసా దగ్గర గ్లిజరిన్, గ్లైకాల్ పోయడం పూర్తయింది, త్రాసు ఆరిపోయింది. "లటాకియా, 3 శాతం, అయిందా బావగారూ?" అని మా బావమరిది అడిగాడు. నేను త్రాసును ఉద్దేశించి "అయింది, దీని పని అయింది" అన్నాను. అతను లటాకియా ఎదురుగా గుర్తు పెట్టాడు. సీసాకు మూత పడింది, నాలుగు అంకె గల చీటీ అంటుకుంది. కాంతి తగిలితే ద్రవం పాడవుతుందని ముదురు గోధుమ రంగు గాజు సీసాలు వాడతారు కనుక లోపలిది నీళ్ళలా ఉందో తేనెలా ఉందో పైకి కనిపించదు.

పొగాకు రుచులు కుదురుకోవాలంటే సీసాలను చీకట్లో కొన్ని వారాలపాటు ఊరనివ్వాలంటారు. ఆ వారాలను ఇక్కడ వదిలేస్తున్నాను.

రుచి చూసే రోజున కాయిల్‌లో కొత్త దూది దూర్చి, దాని మీద కొన్ని చుక్కలు వేసి, వరుసగా పీల్చడం మొదలుపెట్టాను. మా బావమరిది కాగితం, కలం పట్టుకొని ఎదురుగా కూర్చున్నాడు, నేను అడగకుండానే. మొదటిది తీయగా ఉంది. రెండోది అట్టపెట్టెలా ఉంది. మూడోది బాగానే ఉంది. వరుసగా పీలుస్తూ పోతే ముక్కు అలసిపోయి ఏ వాసననూ పట్టించుకోదని ఈ రంగంలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా మధ్యలో ఆగడం ఎదుటివాడికి అలుసుగా కనిపిస్తుందని సాగిపోయాను.

నాలుగోది పీల్చి కళ్ళు మూసుకున్నాను. కళ్ళతో ఎవరూ రుచి చూడరు గనుక వాటిని మూయడం వల్ల ఒనగూడేది ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆవిరిని నెమ్మదిగా ముక్కుగుండా వదిలి, తల రెండుసార్లు ఊపి, "ఇదీ అసలు సరుకు" అన్నాను. అంతటితో ఊరుకున్నా పోయేది. "ఎలా ఉంది?" అని అతను వినయంగా అడిగాడు. ముందు నాలుక కొసన సన్నని తీపి తగిలి, అది కరిగేలోగా గొంతులో ఒక గరుకు లేచి, ఆ గరుకు వెనక నుంచి ఎక్కడో దూరాన కట్టెలు కాలుతున్న పొగ వస్తోందని చెప్పాను. "ఏ కట్టెలు?" అన్నాడు. చెట్టు పేరు చెప్పలేను గానీ పచ్చివి కావు, బాగా ఆరినవి అన్నాను. "సముద్రం ఏమైనా తగులుతోందా?" అన్నాడు. లటాకియా రేవుపట్టణమని నేనే చెప్పి ఉన్నాను కదా, కొంచెం ఆలోచించి, చివర్లో లీలగా ఉప్పుగాలి ఉందని ఒప్పుకున్నాను. అతను అదీ రాసుకున్నాడు. "3 శాతం ఎక్కువైందంటారా?" అన్నాడు. ఇంకోసారి పీల్చి, అర శాతం తగ్గిస్తే సౌమ్యత పెరుగుతుందని, పొగ దబాయింపు తగ్గి తీపి ముందుకు వస్తుందని తీర్పు ఇచ్చాను. ఈ తీర్పు ఇస్తున్నప్పుడు నా గొంతు బరువెక్కడం నాకే వినిపించింది.

అప్పుడు అతను జేబులోంచి లటాకియా ఫ్లేవరు సీసాను తీసి, చీటీ నా వైపు ఉండేలా బల్ల మీద పెట్టాడు. మూత కింది ప్లాస్టిక్ పట్టీ తెగలేదు. సీసా ఫ్యాక్టరీలో మూతబడింది మొదలు ఈ ఇంట్లోకి వచ్చేదాకా ఎలా ఉందో అలాగే ఉంది. కలిపిన రోజు సాయంత్రం బల్ల సర్దుతున్నప్పుడే చూశానని, ఊరుతున్నదాన్ని మధ్యలో కదిలించడం ఇష్టంలేక చెప్పలేదని అన్నాడు. ఇన్ని వారాలూ!

నాలుకను నేను తప్పుపట్టను. గ్లిజరిన్ సహజంగానే కాస్త తియ్యగా ఉంటుంది, గ్లైకాల్ గొంతులో కాస్త గరుకుగా తగులుతుంది. తీపి, గరుకు అని నాలుక, గొంతు తెచ్చిన కబురు అక్షరాలా సరైనదే. కట్టెల పొగ విషయం వేరు. నేను మాట్లాడుతూ పీలుస్తూ చుక్కలు వేయడం మానేశాను, దూది ఎండి అంచున మాడింది. సిరియా, సైప్రస్ చుట్టి వచ్చిన ఆ పరిమళమంతా ఇంత దూదిది. ఉప్పుగాలి ఎక్కడ నుంచి వచ్చిందో పరిశోధించదలచుకోలేదు. అడిగినదానికల్లా అయిందనే గుర్తు పెట్టిన మనిషిని గానీ, ఆరిపోవడం మాత్రమే నేర్చిన త్రాసును గానీ ఈ వ్యవహారంలో ఎవరూ ఏమీ అనడం లేదన్నది గమనార్హం. మా ఇంట్లో ఆ కాగితాన్ని అందరూ చదివారు.

ఊరికి బయలుదేరుతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అతను చాలా మర్యాదగా అడిగాడు: "బావగారూ, ఆ నాలుగో నంబరుది నాకూ ఒక సీసా కలిపి పెట్టండి, లటాకియా మాత్రం మీరన్నట్టు అర శాతం తగ్గించండి."