సూది జ్వరం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సూది జ్వరం గారి సముఖమునకు, సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం (ఊరి నర్సమ్మ) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పిల్లలకు పెంటావాలెంట్ టీకా వేసిన సాయంత్రం దిగుతారు, ఒకట్రెండు రోజులుండి వెళ్లిపోతారు. కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (పసిపిల్లలకు న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి), ఈ అయిదింటికీ అదొక్కటే సూది. ఊళ్లో తమరికున్న పరపతి మాత్రం ఆ అయిదింటికీ కలిపి కూడా లేదు. కంఠసర్పిని చూసినవాళ్లు మా వీధిలో లేరు (కావాలంటే హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి డాక్టర్లను అడగాలి). తమరిని చూడని ఇల్లు లేదు.

బుధవారం వ్యాక్సిన్ డబ్బా భుజాన వేసుకుని వస్తానా, "సూదులమ్మ వచ్చింది" అని పిల్లలు దాక్కుంటారు. వెనకే పెద్దలూ. పాపకు జలుబు. వాళ్ల నాన్న ఊళ్లో లేడు. ఇవాళ అష్టమి. జలుబు సూదికి అడ్డు కాదని చెప్పగలను గానీ, అష్టమికి నా దగ్గర జవాబు లేదు. పిల్ల తల్లి లోపల టీకాల కార్డు పట్టుకుని నిలబడే ఉంటుంది. ఆమెకు తేదీ తెలుసు. గడపలో అత్తగారు కూర్చున్నాక ఆ తేదీకి దారుండదు.

తమరి మీద ఫిర్యాదులు వినీ వినీ ఒకటి అర్థమైంది. తమరొచ్చిన రాత్రి పిల్లను భుజాన వేసుకుని తిరిగేదెవరు? పొద్దున మిరపకోత మానుకునేదెవరు? "నువ్వే కదా వేయించుకొచ్చావు" అని మాటలు పడేదెవరు? మూడింటికీ ఒకటే పేరు. 1985 నుంచీ సర్కారు సూది ఉచితమే. తమరి ఖరీదు మాత్రం ఒక రోజు కూలి. నేనిచ్చే పారాసిటమాల్ చుక్కలు పిల్లకు పనిచేస్తాయి, కూలికి ఇంకా చుక్కలు రాలేదు.

అదే తట్టు పోస్తే? అమ్మవారని గుమ్మానికి వేపమండలు కట్టి దణ్ణం పెడతారు. రెండు రోజుల చుట్టానికి తిట్లు, ప్రాణం తీయగలదానికి నైవేద్యం.

తొలి కాన్పయితే సూది తప్పడానికి తమరి అవసరం కూడా లేదు. పురుడు పుట్టింట్లో. ఆరో వారానికి పిల్ల అక్కడ, పేరు ఇక్కడ నా రిజిస్టర్లో. అత్తారింట్లో వేయిస్తార్లే అని వాళ్లు, పుట్టింట్లో వేయించే ఉంటార్లే అని వీళ్లు. మూడో నెలలో సారె వస్తుంది, ఉయ్యాల వస్తుంది, కార్డు రాదు. ఆదోని వైపు నుంచి గుంటూరు కోతలకొచ్చే వాళ్ల పిల్లలైతే రెండు ఊళ్లకూ పరాయివాళ్లే.

టౌనులో వేలు పోసి "నొప్పి లేని టీకా" కొంటే తమరు అంతగా రారట. కోరింత దగ్గు మీద దాని పట్టు త్వరగా సడలుతుందని మాత్రం అక్కడెవరూ బోర్డు పెట్టరు. ఆ ఇళ్లలో తమరికి పని తక్కువ, అందుకే మా ఇళ్ల మీద ఇంత మమకారం కాబోలు.

వచ్చే బుధవారం మూడో వీధి పాపకు పద్నాలుగో వారం సూది. రావద్దని అనను. వస్తే మాత్రం ఆ రాత్రి ఒక్కసారి పిల్ల తండ్రిని లేపండి. తమరు ఆయన నిద్ర చెడగొట్టిన దాఖలా ఇంతవరకు నా రిజిస్టర్లో లేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
బుధవారం సూదులమ్మ