ఆదాము అక్కడే ఉన్నాడు కదా

ఈ పోస్టు చదివి మా చర్చి సంఘంలో ఇద్దరు ముగ్గురికి కోపం వస్తుంది. రానివ్వండి. పెళ్ళయి పన్నెండు రోజులైనా నా గొంతులో ముల్లు దిగలేదు.

మా చెల్లెలి కొడుకు పెళ్ళి. మందస దగ్గర పల్లె, ఇంటి ముందు షామియానా. వాక్యం చెప్పడానికి వేరే ఊరి నుంచి ఒక దైవజనుణ్ణి పిలిచారు. మంచి మనిషే, పేరు చెప్పను. ఆదికాండం రెండో అధ్యాయం తీసి, హవ్వ గురించి రాసిన "సాటియైన సహాయము" అన్న రెండు మాటలు పట్టుకుని నలభై నిమిషాలు చెప్పాడు. నలభై నిమిషాలూ పెళ్ళికూతురికే. అందరికంటే ముందు లేవాలమ్మా. అత్తమామలకి ఎదురు చెప్పకూడదమ్మా. అతనికి కోపమొస్తే నువ్వే తగ్గాలమ్మా. హవ్వ మాట విన్నందుకే ఆదాముకి ఆ గతి పట్టిందమ్మా. చివర్లో మా వాడి వైపు తిరిగి "నువ్వు కూడా ప్రేమగా చూసుకో నాన్నా" అన్నాడు. అంతే, ఇక ప్రమాణాలు మొదలు.

ఆ అమ్మాయి విశాఖలో నర్సు. నైట్ డ్యూటీలు చేసి తమ్ముడికి కాలేజీ ఫీజు కట్టిన పిల్ల. తల వంచుకుని వింటోంది. అయ్యగారేమో తల వంచుకుని బతకమంటున్నాడు, వీడియో అతనేమో "కొంచెం తల ఎత్తండి మేడం" అంటున్నాడు.

నా పక్కన మా పెద్దమ్మ కూర్చుంది. డెబ్బై దాటింది. "ఏట్రా, ఆ గుంటడికేటీ సెప్పడేటి అయ్యగారు?" అంది. మెల్లిగా అన్నాననుకుంది గానీ మూడు వరుసల దాకా వినపడింది.

అదే నా ప్రశ్న కూడా. నేను పాస్టర్ని కాను, బైబిల్ కాలేజీ మొహం చూడలేదు. సండే స్కూల్లో పదిహేనేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ పాటి చదువుకే నాకు తెలిసిందేమిటంటే, అదే అధ్యాయంలో మగాడికి బోల్డంత చెప్పి ఉంది. హవ్వ పుట్టకముందే చెప్పి ఉంది. 2:15 తీయండి. దేవుడు నరుణ్ణి తీసుకొచ్చి ఏదెను తోటలో ఎందుకు పెట్టాడట? "సేద్యపరచుటకును దాని కాచుటకును". మగాడికి దొరికిన మొదటి ఉద్యోగం ఇది. సాగు, కాపలా. పెత్తనం అన్న మాట లేదు. మొదటి అధ్యాయంలో ఏలుబడి గురించి ఉంది కదా అంటారు. ఉంది. చేపల్నీ పక్షుల్నీ జంతువుల్నీ ఏలమని ఇద్దరికీ కలిపి చెప్పాడు. ఒకరినొకరు ఏలమని ఎక్కడా చెప్పలేదు.

కాయడమంటే ఏమిటో మా శ్రీకాకుళం ఉద్దానం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మాది జీడితోట, మధ్యలో కొబ్బరి. జీడిపళ్ళు ముగ్గే రోజుల్లో ఆ వాసనకి ఎలుగుబంట్లు దిగుతాయి. పనస పండితే ఇక చెప్పనే వద్దు. తెల్లారకుండానే రాలిన పళ్ళు ఏరి జీడిపిక్క తిప్పి తీయాలి, లేకపోతే దొంగ పాలో ఎలుగు పాలో. మా నాన్న ఖాళీ నూనె డబ్బా ఒకటి మెడకి తాడుతో తగిలించుకుని, కర్రతో టంగుటంగున కొట్టుకుంటూ ముందు నడిచేవాడు. పది అడుగుల వెనక బుట్ట పట్టుకుని మా అమ్మ. ఆ వెనక నేను, సగం నిద్రలో. (బజార్లో కూడా ఆయనే ముందు నడిచేవాడు, ఆమె వెనక. అది వేరే రోగం.) పొద ఏదైనా కదిలితే చెయ్యి అడ్డంగా చాపి ఆగిపోయేవాడు. ఆ చెయ్యి దాటి మేం వెళ్ళకూడదు. సీజన్ ఉన్నన్నాళ్ళూ పాకలోనే పడక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి తోటంతా పడుకోబెట్టేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి మళ్ళీ కొబ్బరి మొక్కలు తెచ్చి నాటాడు. కాపుకి రావడానికి ఐదారేళ్ళు పడుతుందని ఆయనకి తెలీకనా.

ఇంత కాపలా తెలిసిన మా నాన్న కూడా పూర్తిగా పాసవ్వలేదు లెండి. ఇంటి వాడకానికి పిక్కలు కాల్చి కొట్టేది అమ్మే. పిక్క తొక్కలోంచి కారే జీడి అంటి వేళ్ళు నల్లబడి, పొరలు పొరలుగా ఊడేవి. ఆదివారం ఆరాధనకి వచ్చి చేతులు కొంగులో దాచుకునేది, ప్రార్థనలో చేతులెత్తమంటే ఎత్తేది కాదు. పిక్కలు 80 కేజీల బస్తాల లెక్కన అమ్మాక డబ్బు నాన్న జేబులోకి వెళ్ళేది. అమ్మకి చీర కావాలంటే అడగాలి. ఎలుగుబంటి నుంచి కాశాడు, ఆ చేతుల సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఏదెనుకి వద్దాం. ఆ తోటకి కావలివాడు ఆదాము. మరి సర్పం లోపలికెలా వచ్చింది? వచ్చింది సరే, అది హవ్వతో అంతసేపు మాట్లాడుతుంటే కావలివాడు ఎక్కడున్నాడు? 3:6 చూడండి, "తనతోపాటు తన భర్తకును ఇచ్చెను". అక్కడే ఉన్నాడండీ బాబూ! అప్పుడే ఎక్కడి నుంచో వచ్చాడని చెప్పే వ్యాఖ్యానాలు ఉన్నాయి, నేనూ చదివాను. కానీ సర్పం మాట్లాడింది కూడా "మీరు" అనే. "మీరు చావనే చావరు". హీబ్రూలో అది బహువచనమే, మర్యాద కోసం అన్న మీరు కాదు. పండు తినవద్దన్న ఆజ్ఞ దేవుడి నోట నేరుగా విన్నట్టు రాసి ఉన్నది ఆదాము ఒక్కడి గురించే. అప్పటికి హవ్వ లేనే లేదు. అంత తెలిసినవాడు "ఆగు, దేవుడు నాతో చెప్పింది అది కాదు" అని ఒక్క ముక్క అనలేదు. డబ్బా మోగించలేదు. ఆమె తిన్నాక ఏమవుతుందో చూసి మరీ తిన్నాడని నా అనుమానం. ఇది మాత్రం నా సొంత పైత్యం, వాక్యంలో లేదు.

పోనీ దొరికిపోయాక ఒప్పుకున్నాడా? దేవుడు "నీవు ఎక్కడ ఉన్నావు" అని మొదట పిలిచింది అతన్నే. ముందు తిన్నది ఆమె కదా, ఆమెని పిలవలేదు. కాపలా ఎవరికి అప్పగించాడో వాణ్ణే అడిగాడు. దానికి ఆదాము జవాబు, "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే". ఒక్క వాక్యంలో తప్పు సగం పెళ్ళాం మీదికీ సగం దేవుడి మీదికీ తోసేశాడు. మన ఇళ్ళల్లో మనం రోజూ వినేది కాదా ఇది? పిల్లాడికి మార్కులు తగ్గితే నువ్వే గారాబం చేశావు. అప్పు తీరకపోతే నీ చెయ్యి దుబారా. తాగొస్తే ఇంట్లో మనశ్శాంతి లేదు.

అధ్యాయం చివర్లో దేవుడు కెరూబులనే దూతల్నీ ఖడ్గజ్వాలనూ నిలబెట్టాడు కదా, ఎందుకట? జీవవృక్షానికి వెళ్ళే దారి "కాచుటకు". 2:15లో ఆదాముకి ఇచ్చిన పనికీ దీనికీ హీబ్రూలో ఒకటే మాట, షామర్. నిద్రపోయిన కావలివాణ్ణి మాన్పించి ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చారన్నమాట. తర్వాతి అధ్యాయంలో వాళ్ళబ్బాయి కయీను, తమ్ముణ్ణి చంపొచ్చి "నా తమ్మునికి నేను కావలివాడనా" అంటాడు. అదే మాట. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి.

"సాటియైన సహాయము" సంగతి. సహాయం అంటే చేతి కింద మనిషి అని మనకి మనమే అర్థం చెప్పుకున్నాం. హీబ్రూలో ఆ మాట ఎజెర్. ఎబెనెజెరు అని బోర్డు రాసిన ప్రార్థనా మందిరాలు చూడనివాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? ఎబెన్ అంటే రాయి, ఎజెర్ అంటే సహాయం. సమూయేలు ప్రవక్త రాయి నిలబెట్టి, యెహోవా ఇంతవరకు సహాయం చేశాడని పెట్టిన పేరు. 121వ కీర్తన మనకి నోటికి వచ్చు, "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అని. అక్కడ కూడా ఇదే మాట. దేవుడు మనకి సహాయం కాబట్టి లేచి మనకి టీ పెట్టివ్వాలా? పైగా "సాటి" అని పక్కనే ఉంది, దాన్ని మింగేసి సహాయం ఒక్కటే చదువుతాం. మన జిల్లాల్లో ఈ సహాయం ఎంత బరువు మోస్తుందో తెలీనివాళ్ళెవరు? 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడ్డ మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2020 జనవరిలో గానీ వదలబడలేదు. ఏడాది పైన ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలిగించిందీ, మావాళ్ళని విడిపించండని తిరిగిందీ ఇంటి ఆడవాళ్ళే. బతుకుతెరువు కోసం చెన్నై, గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళినవాణ్ణి దేవుడు ఎక్కడున్నావని నిలదీస్తాడని నేననుకోను. ఇంట్లోనే ఉండి కనపడని వాళ్ళ సంగతే నేను మాట్లాడుతున్నది.

"అతడు నిన్ను ఏలును" అని రాసి లేదా అంటారు. ఉంది, 3:16లో. ఎక్కడుందో చూడండి. పాపం తర్వాత. ప్రసవ వేదనా, ముండ్ల తుప్పలూ, గచ్చపొదలూ, ముఖపు చెమటా ఉన్న చోట. తుప్పలు మొలుస్తాయని దేవుడే అన్నాడు కదా అని మా నాన్న కత్తి పక్కన పడేసి కూర్చోలేదు. ఏటా వానలయ్యాక కూలీల్ని పెట్టి కొట్టించేవాడు. కాన్పు నొప్పులని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. చెమట పడుతోందని ఫ్యాన్ వేసుకుంటున్నాం, గుడిలో ఏసీకి చందాలు కూడా వసూలు చేస్తున్నాం. ఆ జాబితాలో ఒక్క "ఏలును" మాత్రం దేవుడి ఆజ్ఞ అని భద్రంగా దాచుకున్నాం. ఇదెక్కడి న్యాయం?

పౌలు లోబడమన్నాడు కదా అని కామెంట్లు పెడతారు, తెలుసు. ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం పూర్తిగా చదివి పెట్టండి. స్త్రీలకి మూడు వచనాలు. పురుషులకి 25 నుంచి దాదాపు చివరిదాకా, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు అని. వాటికి ముందు 21లో "ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంది. తిమోతికి రాసిన దాంట్లో ఆదాము మోసపోలేదు అంటాడు పౌలు. మోసపోకుండా తిన్నాడంటే తెలిసే తిన్నాడని. అది మగాళ్ళకి సర్టిఫికెటా?

అసలు గొడవ ఆదికాండం 2:24. పురుషుడు "తన తండ్రిని తన తల్లిని విడిచి తన భార్యను హత్తుకొనును". విడవమన్నది ఎవర్ని? మగాణ్ణి. మనమేం చేస్తున్నాం? అప్పగింతల్లో ఏడ్చేది ఆడపిల్ల. ఇంటిపేరు మారేది ఆడపిల్లకి. మగాడు అత్తారింట్లో నాలుగు రోజులు ఎక్కువ ఉంటే ఇల్లరికం అల్లుడని నవ్వుతాం. ముసలి తల్లిదండ్రుల్ని గాలికొదిలెయ్యమని నేననడం లేదు, తల్లిదండ్రుల్ని సన్మానించమన్నదీ ఆ దేవుడే. కానీ కొత్త ఇల్లు కట్టుకోవాల్సినవాడు పాత ఇంటి పిల్లాడిలా ఉండిపోతే ఆ పిల్ల ఎవరి దగ్గరికి వచ్చినట్టు?

ఇది ఎందుకు గొడవంటే, పెళ్ళి భోజనాల దగ్గర మా చెల్లెలు అందరి ముందూ చెప్పేసింది, కోడలు ఇక డ్యూటీకి వెళ్ళదట. మా వాడు విశాఖలో ఉద్యోగం చేసుకుంటాడట, ఆ పిల్ల ఇక్కడే ఉండి తోటా ఇల్లూ చూసుకుంటుందట. "అయ్యగారు కూడా అదే సెప్పినారు గదా" అంది. పెళ్ళికూతురి నాన్న చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. మా మేనల్లుడు మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు. నేను అప్పడం విరుస్తున్నాను.

తిరుగు దారిలో ఆటోలో వీళ్ళందర్నీ దుమ్మెత్తి పోశాను. అయ్యగార్ని, చెల్లెల్ని, మేనల్లుణ్ణి. పెద్దమ్మ అంతా విని, "మరి నువ్వు సెప్పలేకపోనావా బావూ? నువ్వూ అక్కడే ఉన్నావు గదా" అంది. పలాస వచ్చేదాకా నేను నోరెత్తలేదు.

మూడు రోజులాగి మేనల్లుడికి ఫోన్ చేశాను. ఆదికాండం 2:24 చదవమన్నాను. "చదివాను మావయ్యా, ఆ రాత్రే ఆమె చూపించింది. అమ్మకి ఎలా చెప్పాలో తెలీట్లేదు" అన్నాడు. నీ వంతు నువ్వు చెప్పు, మా చెల్లెలికి నేను చెప్తాను అన్నాను.

ఇంకా చెప్పలేదు.