ప్రార్థన డైరీ గారికి, జవాబు గడి విషయమై

మహారాజశ్రీ ప్రార్థన డైరీ గారికి,

నరసాపురం కాలువ గట్టు నుంచి వందనాలు. ఉభయకుశలోపరి.

పోయిన ఆదివారం మిమ్మల్ని మందిరంలో బెంచీ మీద మరిచిపోయి వచ్చిన మాట నిజం. అన్నం వడ్డిస్తుంటే గుర్తొచ్చి పరుగెత్తాను, అప్పటికే తాళం పడింది. రెండు రోజులు ముద్ద దిగలేదు. బుధవారం సాయంత్రం మా పాస్టరు అయ్యగారి అమ్మాయి మిమ్మల్ని బట్టల కొట్టు సంచిలో చుట్టి తెచ్చి, "అమ్మ ఇచ్చి రమ్మంది" అని చేతిలో పెట్టి, నన్ను ఎగాదిగా చూసి వెళ్లింది. పదేళ్ల పిల్లకు ఆ చూపు ఎక్కడిదండీ, మీరు నోరు విప్పకుండానే?

సరే, మీ సంగతి ఇవాళ తేల్చుకుంటాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, వాక్యం అచ్చేసిన వాగ్దానపు కార్డుల పక్కనే మిమ్మల్నీ పేర్చారు. నూట ఇరవై రూపాయలు. లోపల నాలుగు గడులు: తేదీ, ప్రార్థన అంశం, వాక్యం, జవాబు వచ్చిన తేదీ. దర్శనాన్ని పలక మీద స్పష్టంగా రాయమని దేవుడు హబక్కూకు ప్రవక్తకు చెప్పాడు కనుక మనమూ రాయాలన్నారు అయ్యగారు. పలకకు గడులు కొట్టమని హబక్కూకుకు చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు. వాక్యం గడిలో అధ్యాయం సంఖ్య పడితే వచనం సంఖ్య పట్టదు. తెల్లవారుజామున నాలుగున్నరకే మీ ముందు కూర్చోవాలట. ఆ వేళకు మా కాలువ దోమలు కూడా ఆరాధనకు కూర్చుంటాయి.

అది పోనివ్వండి. మీ ముందు కూర్చుంటే నా భాషే మారిపోతుంది. ఇంట్లో "ఈ నెల గ్యాసు బండకు డబ్బులెక్కడివి" అని అరిచేదాన్ని, మీలో "మా అక్కరలను తీర్చుదువు గాక" అని రాస్తాను. ఆ భాషలో నిజం చెప్పడం కొంచెం కష్టం. మా తోటికోడలి విషయమే చూడండి. అత్తగారు పోయిన పదో రోజున పెద్ద ఇత్తడి గుండిగను తనింటికి మోయించుకుపోయింది. "క్షమించాను" అని రాస్తే అబద్ధం, "క్షమించను" అని రాస్తే పాపం. అందుకని "క్షమించుచున్నాను" అని రాశాను. ఇది మూడో డైరీ. ఇంకా క్షమించుచునే ఉన్నాను.

అసలు పేచీ ఆ నాలుగో గడితో. జూన్‌లో "వాన కురిపించుము" అని రాస్తాను, అక్టోబరులో "వాన నిలుపుము" అని రాస్తాను. రెండింటికీ తేదీలు పడ్డాయి, నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. మా వెనుక బెంచీలో కూర్చునే రొయ్యల చెరువు ఆయన తన డైరీలో ఏం రాసుకుంటాడో నాకు తెలియదు. ఆయన చెరువుకు ఉప్పునీరు పెట్టిన ఏడు మా చేను గట్టు మీద ఉప్పు పేరుకుంటుంది. ఆయనకు ధర పలికిన ఏడు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతాడు. అందరూ ఆమెన్ అంటారు. నేనూ అంటాను, పళ్లు బిగించి.

నెల మొదటి ఆదివారం అయ్యగారు "ఎన్ని గడులు నిండాయి?" అని చేతులెత్తిస్తారు. ఎత్తని వాళ్లు చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంటారు. ఆ పైన జార్జ్ ముల్లర్ గారి మాట తీసుకొస్తారు. బ్రిస్టల్‌లో ఎవరి ముందూ చేయి చాచకుండా అనాథ పిల్లల్ని సాకి, అడిగినదీ వచ్చినదీ తేదీలతో రాసిపెట్టిన మనిషి. మనకు పరాయివాడు కూడా కాదు. 1836లో బౌడెన్, బీర్ దొరలను ఇంగ్లండులో ఓడెక్కించి ఇటు తెచ్చిన గ్రోవ్స్ గారు ముల్లర్ గారికి స్వయానా బావమరిది. ఆ ఇద్దరు దొరలే కదా నరసాపురంలో మిషను పెట్టింది. (గోదావరి వాళ్లం, వరుస కలపకపోతే మాకు నిద్ర పట్టదు.) అయితే ఆ ముల్లర్ గారే 1844లో ఐదుగురు మనుషుల మారుమనసు కోసం ప్రార్థన మొదలుపెట్టారు. మొదటివాడు మారడానికి ఏడాదిన్నర పట్టింది. ముప్పై ఆరేళ్ల తర్వాత కూడా ఇద్దరు మారలేదని ఆయనే చెప్పుకున్నారు. అయ్యగారు, ముల్లర్ గారు ప్రార్థిస్తే పిల్లలకు వేళకు రొట్టెలొచ్చిన కథ చెబుతారు గానీ ఈ కథ ఎత్తరు. రెండు గడులు అన్నేళ్లు ఖాళీగా ఉంచుకున్న మనిషి పేరు చెప్పి, నన్ను నెలనెలా లెక్క అడుగుతారా?

మొదటి డైరీలో ఆగస్టు పేజీలు తీసి చూడండి. "మా అమ్మకు స్వస్థత." ఇరవై ఆరు రోజులు అదే మాట రాశాను. ఇరవై ఏడో రోజు రాసే పని లేకపోయింది. జవాబులు మూడు రకాలట: అవును, కాదు, ఆగు. ఇందులో ఏది రాయను? తేదీ మాత్రం నాకు తెలుసు. ఆ తేదీని తీసుకెళ్లి "జవాబు వచ్చిన తేదీ" గడిలో వేయమంటావా? ఎవడు గీశాడు నీలో ఆ గీత? స్కేలు పెట్టి గీసినవాడికి తల్లి లేదా?

మా అమ్మ నీలాంటి దాన్ని ఎన్నడూ ముట్టలేదు. అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. సూది ఆడుతుంటే పెదవులూ ఆడేవి. కుట్లు లెక్కపెట్టుకునేది, తప్పితే విప్పి మళ్లీ అల్లేది. ప్రార్థనలు లెక్కపెట్టడం నేను చూడలేదు. నా కన్నీళ్లు నీ కవిలెలో, అంటే నీ లెక్కల పుస్తకంలో, ఉన్నాయి కదా అని దావీదు దేవుడితో అన్నాడు. కవిలె ఆయన దగ్గరే ఉంటే నకలు నా దగ్గర ఎందుకు?

ఇంత మాట అనుకుని, నిన్ను బీరువా మీదికి విసిరేయబోతూ ఒకసారి తెరిచాను. తోటికోడలి పేజీ. "క్షమించుచున్నాను" ఎదురుగా, నాలుగో గడిలో, ఆకుపచ్చ సిరాతో రెండు మాటలు:

"నేను కూడా."

కింద సోమవారం తేదీ. తలకట్టును కొక్కెంలా వంచి రాసే మనిషి మా ఊళ్లో ఒక్కతే ఉంది. ఆ రాతను ఇరవై ఏళ్లుగా పాల లెక్క కాగితాల మీద చూస్తున్నాను. అంటే సోమవారానికే నువ్వు ఆమె చేతిలో ఉన్నావు! గుండిగ సంగతి, "ఆమె గర్వమును అణచుము" అన్న సంగతి, అన్నీ చదివేసింది. చదివి ఇది రాసింది. నేను కూడా అంటే ఏమిటి? క్షమించిందనా, నాలాగే క్షమించుచున్నదనా? అయినా ఆమె నన్ను క్షమించడానికి నేనేం చేశాను?

గురువారం నుంచి ఆ పేజీని నాలుగుసార్లు తీసి చూశాను. వాన సంగతి వదిలేస్తే మూడు డైరీల్లో నిండిన గడి ఇదొక్కటే, అదీ నేను నింపింది కాదు. వచ్చే ఆదివారం నెల మొదటి ఆదివారం, చేతులెత్తమంటారు. ఆమె నా ముందు బెంచీలోనే కూర్చుంటుంది.

గుండిగ మాత్రం ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

ఇట్లు,
క్షమించుచున్న నేను