జనరేటర్ సెల్లార్‌లో, ధీమా పైన

విశాఖలో ఫ్లాట్ చూడటానికి వెళ్ళినవాళ్ళు బిల్డర్‌ని ఏం అడుగుతారు? సముద్రం కనిపిస్తుందా, తూర్పు ముఖమేనా, రెండో కారుకి చోటుందా అని. కుండపోత వాన పడితే సెల్లార్‌లో నీళ్ళు ఎంతవరకు వస్తాయని అడిగినవాళ్ళు మాకైతే ఇంతవరకు తగల్లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నెత్తిమీదే తీరం దాటింది. గాలి గంటకు సుమారు 185 కిలోమీటర్లు. విశాఖలో భవనాల డిజైన్‌కి ఐఎస్ 875 అనే జాతీయ ప్రమాణం చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180. రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది గానీ, ప్రమాణంలోని అంకె మూడు సెకన్ల విసురుకి, వాతావరణ శాఖ చెప్పేది కొన్ని నిమిషాల సగటుకి, కాబట్టి ఆ రోజు విసురు ఆ 185ని కూడా దాటే ఉంటుంది. అయినా కాంక్రీటు స్తంభాలు, స్లాబులు చాలావరకు తట్టుకున్నాయి. ఎగిరిపోయినవి కిటికీ అద్దాలు, మేడమీది రేకులు, వాటర్ ట్యాంకులు. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పే చిరిగిపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే అయిదో అంతస్తులో బిందెడు నీళ్ళుండవు.

ఆ దెబ్బతోనే ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి నగరంలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని మొదలుపెట్టారు. మంచి పనే. కానీ వీధిలో కేబుల్ భద్రంగా ఉండి, అపార్ట్‌మెంట్ ప్యానెల్ బోర్డు, జనరేటర్ సెల్లార్‌లో మునిగితే లాభమేంటి? (మా ఆఫీసు జనరేటరూ సెల్లార్‌లోనే ఉంది, ఒప్పుకుంటున్నాం.)

ఇటు కొండలు, అటు సముద్రం ఉన్న ఊరు మనది. కొండమీద పడిన వాన గెడ్డల్లోంచే, అంటే వాగుల్లోంచే, కిందికి దిగాలి. ఆ గెడ్డల్ని నొక్కేసి, చెత్తతో పూడ్చేసి, చావులమదుం దగ్గర బస్సు ఆగిపోయిందని ప్రతి వర్షాకాలం విసుక్కుంటాం. ఎండాకాలం ఇంకో గోల: ఉక్కపోతకి పేరుపడ్డ ఊళ్ళో పడమటి గోడంతా అద్దాలు బిగించి, లోపల ఏసీ మీద ఏసీ వేస్తున్నాం. ఎలివేషన్ అదిరిందట!

మేం అడిగేది మరీ పెద్దదేం కాదు. ప్లాన్ అప్రూవల్ కట్టబోయే భవనం గురించి చెబుతుందే తప్ప, ఇరవయ్యేళ్ళుగా ఉప్పుగాలి తిన్న బాల్కనీలో ఇనుము ఎంత మిగిలిందో చెప్పదు. అందుకే జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) పాత భవనాలన్నిటికీ వార్డులవారీగా పరీక్ష మొదలుపెట్టాలి, అదీ ముందు కొండవాలు ఇళ్ళతో, గెడ్డ ఒడ్డు ఇళ్ళతో. పునాది పక్కన మట్టి జారుతోందా, కిటికీలు ఎంత గాలిని ఆపుతాయి, సెల్లార్ నీళ్ళు తోడే పంపు ఏ కరెంటు మీద నడుస్తుంది, ఇవన్నీ ఒక్క కాగితం మీద రాసి లిఫ్ట్ పక్కన అంటించాలి. ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని అసోసియేషన్లు గొడవ చేస్తాయి, తెలుసు. కొండవాలు పేదలకి మాత్రం ఖర్చు కార్పొరేషనే పెట్టుకోవాలి, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అంటించి చేతులు దులుపుకుంటే కుదరదు.