భూసార కార్డుకు పదమూడో గడి

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార ఆరోగ్య కార్డు మీద పన్నెండు గడులుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. మొదటి పదకొండూ రసాయనాల లెక్కలే. పన్నెండోది నేలలోని జీవాలకు తిండి ఎంత మిగిలిందో చెబుతుంది గానీ తినే నోళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పదు. తెలంగాణలోని నల్గొండ, పాలమూరు చెలకల్లో (తేలిక ఎర్రనేలల్లో) ఆ అంకె చాలాచోట్ల 0.5 శాతం లోపే. దాని పక్కన ‘తక్కువ’ అని రాసి, నత్రజని మోతాదు పెంచమని చెప్పి రైతును పంపిస్తున్నాం. పస్తున్నవాడికి మందు చీటీ రాసిచ్చినట్టుంది ఈ వైద్యం. అందుకే ఆ నోళ్లను లెక్కపెట్టే పదమూడో గడి కార్డుకు కావాలి.

భూమ్మీది జీవజాతుల్లో దాదాపు 59 శాతం మట్టినే ఇల్లు చేసుకున్నాయని 2023లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అంచనా కట్టారు. గ్రాము మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇలాంటి అంకెలు ఉపన్యాసాలకు బాగుంటాయి. రైతుకు పనికొచ్చే ప్రశ్న మాత్రం వేరే ఉంది: ఎండొచ్చినా వానొచ్చినా పని ఆగకుండా చూసేది ఎవరు? ఆకు, పెంట, గడ్డి కుళ్లబెట్టే పని చేయగల జాతులు వేలల్లో ఉంటాయి. వేడికి కొన్ని పడిపోయినా ఇంకొన్ని ఆ పని అందుకుంటాయి. అన్ని పనులకూ ఇంతమంది లేరు. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేవి కొన్ని గుంపులే. కంది, పల్లి వేళ్ల మీద గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు కట్టేదీ కొన్ని రకాల రైజోబియా బ్యాక్టీరియాలే. అవి పోతే వాటి స్థానంలోకి వచ్చేవి దగ్గర్లో ఉండవు. పైకి కుళ్లు బాగానే సాగుతున్నట్టు కనిపించే నేలలోనూ కంది వేరుకు బుడిపెలు ఉండకపోవడానికి ఇదొక కారణం.

వాతావరణం మారుతోందన్న మాటకు మన దగ్గర రుజువులు వెతకనక్కర్లేదు. 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశం చూసిన అత్యంత పొడి ఆగస్టు 2023లో వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలను వాన ముంచెత్తింది. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే లక్ష లీటర్ల నీళ్లు. ఆ లక్ష లీటర్లు చెలకలో ఇంకుతాయా, పైమట్టిని మోసుకుని కుంటలోకి పోతాయా అన్నది మట్టి కట్టును బట్టి ఉంటుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల రేణువులను గడ్డకట్టించేది వేళ్లను అల్లుకున్న శిలీంధ్రాల దారాలు, ఆ శిలీంధ్రాలూ బ్యాక్టీరియా విడిచే జిగురు. ఆ జిగురు లేని చెలక మొదటి గట్టి వానకే అణిగి పైన పెంకు కడుతుంది. పెంకు కింద విత్తనం మొలవదు, పైన నీరు నిలవక జారిపోతుంది. ఎర్రలు (వానపాములు) తొలిచిన బొరియలే 2024 లాంటి వానను లోపలికి దింపేవి, 2023 లాంటి ఆగస్టుకు తేమ దాచేవి. చెదలను శత్రువుగా మాత్రమే చూస్తాం. పల్లి చేనులో అవి శత్రువులే. మెట్టలో మాత్రం గట్టిపడ్డ నేలను తొలిచిపెట్టే కూలీలు కూడా అవే.

తొలకరిలో ఇంకో పని జరుగుతుంది. రోహిణి ఎండలకు మాడిన మట్టిలో చచ్చిన సూక్ష్మజీవుల దేహాలు తొలి వానకు నానగానే, బతికి మిగిలినవి వాటిని తిని ఒక్కసారిగా పుంజుకుంటాయి. నాలుగైదు రోజుల్లో మట్టిలోకి నత్రజని విడుదలవుతుంది. మృగశిరలో అదును చూసి విత్తిన పెద్దలు ఈ శాస్త్రం చదవలేదు గానీ ఈ ఎరువును వాడుకున్నారు. అదునులో చేను ఖాళీగా ఉంటే ఆ నైట్రేట్ చెలకలో నిలవదు, తర్వాతి వానకు కిందికి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది. ఆ రోజుల్లోనే ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలా ఆరుద్ర పురుగు బయటికొస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే గడిపే ఈ జీవి చిన్న పురుగులను, వాటి గుడ్లను తింటుంది. దీని పిల్లలు మిడతల లాంటి వాటిని అంటిపెట్టుకుని బతుకుతాయి. చెలకల్లో ఇది కనబడడం తగ్గిందని ఊరూరా వినిపించే మాట. ఆ మాట నిజమా కాదా, ఎక్కడ ఎంత అని చెప్పే గడి మాత్రం కార్డులో లేదు.

బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో వేడి, కరవు, అదనపు నత్రజని, ఉప్పు, భారలోహం, ప్లాస్టిక్ ముక్కలు, కలుపుమందు, శిలీంధ్రనాశిని వంటి పది ఒత్తిళ్లను మట్టి మీద ఒక్కొక్కటిగా, తర్వాత కలిపి పరీక్షించారు. ఒక్కొక్కటీ చేసిన నష్టాన్ని బట్టి అన్నీ కలిస్తే ఏమవుతుందో ఊహించడం సాధ్యం కాలేదు. ఒత్తిళ్ల సంఖ్య పెరిగే కొద్దీ శిలీంధ్రాల వైవిధ్యం, మట్టి పనితీరు దిగజారుతూ పోయాయి. గద్వాల విత్తన పత్తి చేనులోనో, నల్గొండ పుచ్చ తోటలోనో నిలబడి ఆ జాబితా చదివితే ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: మే ఎండ, వానల మధ్య నెల రోజుల ఎడం, యూరియా, కాలువ చివరి చౌడు, మల్చింగ్ షీటు చింపులు, కలుపుమందు, విత్తనానికి ముందే పట్టించి వచ్చే ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు. ఈ చివరిదానిలో మొక్కలోకి చేరేది కొంతే, ఎక్కువ భాగం మట్టిపాలే. ఎండను మనం ఆపలేం. మిగతావాటిలో రెండు మూడు తగ్గించినా నేలకు ఎండను తట్టుకునే ఓపిక మిగులుతుంది.

మనం ఆపగలిగిన వాటిలో మొదటిది కొయ్యకాళ్ల మంట. వరి కోత మిషను పోగానే అగ్గిపుల్ల వెలుగుతోంది. మంటతో నేలలోని జీవాలన్నీ ఆ రోజే చచ్చిపోతాయన్న ప్రచారం అతిశయోక్తి. గడ్డి మంట వేడి పై రెండు మూడు సెంటీమీటర్లు దాటి పెద్దగా లోతుకు పోదు. నష్టం వేరేచోట ఉంది: తిండి పోతుంది, కప్పు పోతుంది. టన్ను వరిగడ్డిలో 5.5 కిలోల నత్రజని ఉంటుంది. ఎకరాకు రెండున్నర టన్నులు కాలిస్తే 14 కిలోల దాకా, అంటే 45 కిలోల యూరియా బస్తాలో మూడింట రెండు వంతులు. అందులో చాలా భాగం, కర్బనం దాదాపు మొత్తం పొగలో పోతుంది. ఆపైన నల్లబడిన బోసి నేల మే నెలలో 50 డిగ్రీలు దాటి కాగుతుంది. మంట తప్పించుకున్న వాటిని ఈ కాక తినేస్తుంది.

కాల్చవద్దని ప్రకటన ఇచ్చి ఊరుకుంటే రైతు వినడు, వినకపోవడానికి అతని కారణాలు అతనికున్నాయి. యాసంగి కోతకు, వానాకాలం నాటుకు మధ్య రెండు నెలలుంటాయి, కానీ తడి ఉండదు. ఎండిన గడ్డి ఎండిన మట్టిలో కుళ్లదు. అక్కడ చేయాల్సింది గడ్డిని పరచి ఉంచి, తొలి వానలకు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నడం. వానాకాలం కోతకు, యాసంగి నాటుకు మధ్య తడి ఉంటుంది, రోజులుండవు. పచ్చిగడ్డి దున్ని వెంటనే నాటు వేస్తే రెండు రకాల దెబ్బ. గడ్డిలో నత్రజనికి 80 రెట్లు కర్బనం ఉండడంతో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే తీసుకుంటాయి, పైరు పసుపెక్కుతుంది. నిలిచిన నీటిలో గాలాడక హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేళ్లు నల్లబడతాయి. రైతు దీన్ని తెగులనుకుని మందు కొడతాడు. ఈ పంటకు గడ్డిని బేలరుతో చుట్టించి పశువులకు తోలడమే దారి. కాబట్టి మండలానికి ఎన్ని బేలర్లు, ఎకరాకు కిరాయి ఎంత అన్నది ప్రభుత్వం నవంబరు రాకముందే తేల్చాలి. పత్తికట్టెను కాల్చడానికి గులాబీ పురుగును సాకుగా చూపుతున్నారు. కట్టెను ష్రెడరుతో తునకలు చేసినా పురుగుకు ఆసరా పోతుంది, మట్టికి తిండీ మిగులుతుంది.

ఇక జీవన ఎరువుల సంగతి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. రేకుల షెడ్డులో డీఏపీ బస్తాల పక్కన ఏప్రిల్, మే గడిపిన ప్యాకెట్‌లో అన్ని ఉండే అవకాశం లేదు. రైతు కొన్నది నల్లటి పొడి మాత్రమే. సరైన సరుకు దొరికినా వరస తప్పుతోంది. శిలీంధ్రనాశిని, పురుగుమందు ముందు పట్టించి ఆరనివ్వాలి. చివరగా 8 నుంచి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియంను, మరగబెట్టి చల్లార్చిన పది శాతం బెల్లం నీళ్లలో కలిపి పట్టించాలి. నీడలోనే ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. కందికి ఎకరాకు 8 కిలోల నత్రజని చాలు. ఎక్కువేస్తే మొక్క బుడిపెలను పోషించడం మానేస్తుంది. నెల దాటాక మొక్కను పీకకుండా గడ్డపారతో మట్టి సహా తీసి బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగుండాలి. తెల్లగా, పచ్చగా ఉంటే అది పని చేయడం లేదు. తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా అయితే 2 కిలోలను 90 కిలోల చివికిన పెంట, 10 కిలోల వేపపిండిలో కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, తడి గోనెలు కప్పి నీడలో వారం, పది రోజులు పెంచాలి. దాని వెంటే కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశిని పోస్తే పెంచిందంతా వృథా. పేడ, మూత్రం, బెల్లంతో చేసే జీవామృతం మీద ఆశ పెట్టుకున్నవారికీ ఇదే మాట: గడ్డీ పెంటా లేని మాడిన చెలకలో డ్రమ్ములకొద్దీ పోయడం, కూడు పెట్టని చోటికి కూలీలను తోలడమే.

యూరియాను విషంగా చూడమని మేం చెప్పడం లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో 1976 నుంచి నడుస్తున్న నల్లరేగడి ప్రయోగంలో జొన్న లేదా మక్కతో కంది, ఎత్తు మడులు, మేలైన విత్తనం, మితంగా రసాయన ఎరువు కలిపిన చోట హెక్టారుకు ఏటా సగటున 5 టన్నుల దాకా గింజ వచ్చింది. పెంట మాత్రమే వేసి వానాకాలం బీడుంచి యాసంగిలో ఒకే పంట తీసిన పాత పద్ధతిలో వచ్చింది టన్ను. మొదటి నేలలోనే కర్బనం, సూక్ష్మజీవులు ఎక్కువ పెరిగాయి కూడా. అది రేగడి, చెలక అంత త్వరగా పుంజుకోదన్నది నిజం. అయినా జొన్న, కంది, ఆముదం ఇటీవలి దాకా పాలమూరు పంటలే. ఎత్తిపోతల నీళ్లొచ్చిన చోట చాలావరకు రెండు పంటలూ వరే. నీళ్లు నిలిచిన మడిలో జీవం లేకపోలేదు, కానీ అది వేరే జీవం: మీథేన్ చేసేవి పెరుగుతాయి, ఎర్రలు, వేరు శిలీంధ్రాలు తగ్గుతాయి. సన్న వడ్లకు 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్న ప్రభుత్వం, వరి తర్వాత పల్లి, పెసర వేసినవారికి, నాటుకు ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతలో దున్నినవారికి కూడా ఆ చేయి అందించాలి.

గొర్ల మంద గురించి ఒక్క మాట. పాలమూరు చెలకల్లో రాత్రికింతని ఇచ్చి మంద పెట్టించుకునే అలవాటు ఇంకా చావలేదు, చావనివ్వకూడదు. నట్టల మందుగా ఐవర్‌మెక్టిన్ వేసిన రోజుల్లో మాత్రం ఆ పెంటలో పేడపురుగుల పిల్లలు బతకవు. మందు వేశాక రెండు మూడు వారాలు ఆగి మంద పెట్టించడం మేలు.

పదమూడో గడికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. రాష్ట్రంలో రైతులు కలిసే భవనాలు, రైతు వేదికలు, 2,601 ఉన్నాయి. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా, వాన కురిసిన రెండో రోజు, ఒక్కో వేదిక పరిధిలో పది చేలల్లో 25 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతున్న గుంత తీసి, మట్టిని గోనె మీద పోసి ఎర్రలను లెక్కపెట్టి 16తో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. పక్కనే 15 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపు ముక్కను నేలలోకి దిగ్గొట్టి 440 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 25 మిల్లీమీటర్ల వానకు సమానం. మొదటి విడత నేల తడవడానికి సరిపోతుంది, రెండో విడత ఎంతసేపట్లో ఇంకిందో రాసుకోవాలి. రంగు వేయని అచ్చమైన నూలు గుడ్డను తూచి జానెడు లోతులోపు పాతిపెట్టి, 60 రోజులకు తీసి కడిగి ఆరబెట్టి మళ్లీ తూస్తే మట్టి ఎంత తిన్నదీ తెలుస్తుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డయితే లెక్క తప్పుతుంది. మట్టి శ్వాసను కొలిచే సీసాలు, సోడియం హైడ్రాక్సైడ్ భూసార ప్రయోగశాలలకు కొత్త కాదు. అయితే ఇప్పటిలా మే నెలలో మట్టి తెచ్చి ఆరబెట్టి జల్లెడ పడితే లాభం లేదు. తడి మట్టిని నీడన, గాలాడే సంచిలో ఒక్క రోజులోపు చేర్చాలి.

పాలెం, కంపసాగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రాలు చెలక, దుబ్బ (ఇసుక నేల), రేగడి దేనికదే ప్రమాణాలు తేల్చాలి. రేగడిలో నీరింకే సమయాన్ని దుబ్బతో పోల్చడం కుదరదు. అవి తేలేదాకా ఎదురుచూడనక్కర్లేదు కూడా. ప్రతి చేనుకూ రెండు గుంతలు తీయాలి, ఒకటి సాళ్ల మధ్య, ఇంకోటి ఎవరూ దున్నని, ఏ మందూ పడని గట్టు మీది వేపచెట్టు కింద. ఆ రెండు అంకెలూ కార్డు మీద పక్కపక్కనే అచ్చు కావాలి.