లేబుల్ గారికి విన్నపం

మహారాజశ్రీ పటం మీది లేబుల్ గారికి,

కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే మీ జీఐఎస్ ఆపరేటర్ అనేక నమస్కారములు చేసి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అన్నది మాటవరసకే లెండి, కుశలం మీ ఒక్కరిదే.

మూడు రోజులుగా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా పటం చేస్తున్నాను. సరిహద్దులు, గోదావరి పాయలు, పంట కాలువలు, 216వ నంబరు జాతీయ రహదారి అన్నీ మొదటి రోజు మధ్యాహ్న భోజనం లోపే అయిపోయాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా మీ సేవలోనే, అంటే పటం మీద పేర్లు కూర్చోబెట్టే పనిలోనే ఉన్నాను.

తమరు వేంచేయాలంటే ముందు ఊళ్ల పేర్లున్న కాలమ్ చూపించాలి కదా. ఆ కాలమ్‌కి నేను ముచ్చటపడి 'గ్రామం' అని పేరు పెట్టాను. సేవ్ చేసి తెరిస్తే తెగిపోయింది. పటం వివరాలు దాచే షేప్‌ఫైల్ అనే ఫైలు పట్టికలో కాలమ్ పేరుకి 10 బైట్లే చోటు. మన తెలుగులో హల్లుకైనా, గుణింతం గుర్తుకైనా, పొల్లుకైనా తలా 3 బైట్లు. 'గ్రామం' రాస్తే 18 అవుతాయి. 'ఊరు' అయితే సరిగ్గా 9. 'జిల్లా' పట్టదు, 'ఏరు' పడుతుంది. 1980ల నాటి ఆ పట్టికని కట్టినవాడు లోపల్లోపల అచ్చ తెలుగు అభిమాని అయి ఉండాలి.

ఊళ్ల పేర్లు నాకు ఇంగ్లీషులో ఇచ్చారు. తెలుగు చేయమని యంత్రానికి అప్పగిస్తే రాజోలు రజోల్ అయింది, కొత్తపేట కోతపేట అయింది. రెండోది దిద్దకుండా వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ సమయానికి ఆఫీసులో కరెంటు లేదు.

ఇక తమరి ఆసనం సంగతి. ఎడ్వర్డ్ ఇమ్హోఫ్ అని స్విట్జర్లాండ్‌లో పటాల పండితుడు ఉండేవారు. పేర్లు ఎక్కడ ఎలా కూర్చోవాలో 1962లోనే ఆయన శాస్త్రంలా రాసిపెట్టారు. ఊరి చుక్కకి కుడిపక్కన కాస్త పైగా పేరుంటే శ్రేష్ఠమట. సముద్రపు ఒడ్డు ఊరైతే పేరు నేల మీద కాకుండా నీళ్లలో వేయాలట. సరే అని అంతర్వేదిని బంగాళాఖాతంలోకి జరిపాను. మా సార్ చూసి, "ఏవయ్యా, ముంచేశావేంటి?" అన్నారు. నీటి మీద రాతలంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

నదుల పేర్లు నీలంగా, వాలుగా, పాయ వెంబడి వంపు తిరిగి ఉండాలి. నా ఫాంటులో వాలు అక్షరాలు లేవు. నిటారు అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ పక్కకి తోసింది. గౌతమి గాలివానకి ఒరిగిన కొబ్బరిచెట్టులా తయారైంది. అదైనా నయం. వశిష్ఠని వంపు తిప్పమంటే మా పాత వెర్షన్ అక్షరాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ విడివిడిగా మోసుకెళ్లింది. గుడి 'శ' మీంచి లేచిపోయి ఒక చుక్కల సున్నా మీద వాలింది. ఠ వత్తు ఊడిపోయి పక్కన పూర్తి ఠ అయి కూర్చుంది. నది మలుపు తిరిగింది గానీ ఠ వత్తు తిరగలేదు. ఇంగ్లీషులో వేసినప్పుడు ఇంత రచ్చ లేదు, తమరికి మాతృభాష మీద ఏదో కోపం ఉన్నట్టుంది.

జిల్లా పేరు పెద్దది, ఆ మనిషి అంతకన్నా పెద్దవారు, జిల్లాయే చిన్నది. పొట్టి చేయడానికి సార్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు. మూడు వరుసలు చేస్తే తమరు వెళ్లి జిల్లా నడిమధ్య బాసింపట్టు వేశారు. కింద అంబాజీపేట నలిగిపోయింది. కొబ్బరి మార్కెట్టుతో అంత పేరున్న ఊరికి పటంలో పేరు లేదు! చదవడానికి వీలుగా ఉంటుందని చుట్టూ తెల్లటి బఫర్ పెట్టాను, క్యాలెండర్‌లో దేవుడి తల వెనక వెలుగులాగా. ఇంకాస్త పెంచమన్నారు సార్. పెంచాను. జాతీయ రహదారి ఆ వెలుగులో కలిసిపోయింది.

పేర్లన్నీ ఒకదానికొకటి తగలకుండా సర్దడం ఎంత గడ్డు లెక్కో కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1991లోనే రుజువు చేశారు. ఆ జాతి లెక్కలకి చకచకా తేలే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. "అయిదు నిమిషాల పని" అన్నది మా సార్ అంచనా.

చోటు చాలకపోతే తమరు నిశ్శబ్దంగా కొన్ని పేర్లు మింగేస్తారు. పోయేవి ఎప్పుడూ చిన్న ఊళ్లే. చుక్క ఉంటుంది, పేరుండదు. పోనీ అన్నీ చూపించమని టిక్కు పెడితే, సంక్రాంతి ముందు రోజు బస్సులోలాగా ఒకరి మీద ఒకరు. టిక్కు తీసేశాను.

ఇక్కడ ఒక ఒప్పుకోలు. అలా మాయమైన వాటిలో మా ఊరు కూడా ఉంది. ఎవరూ చూడకుండా దాని ప్రయారిటీ 10 చేశాను. పట్టుకుని లాగి, చుక్క పక్కనే మేకు కొట్టినట్టు బిగించాను. చాలా బాగుంది. రెండు సార్లు జూమ్ చేసి చూసుకున్నాను.

సాయంత్రం ప్రింటు తీసి ఇస్తే సార్ కళ్లజోడు సవరించుకుని ఏదో వెతికారు. వేలితో గౌతమి ఒడ్డు వెంట వచ్చి ఒక చుక్క దగ్గర ఆగారు.

"ఇక్కడ మా అత్తగారి ఊరు ఉండాలే?"

చుక్క ఉంది. పేరుండాల్సిన చోట మా ఊరి పేరు హాయిగా పడుకుని ఉంది.

కావున తమరు దయచేసి రేపు ఉదయం పదకొండు గంటల లోపు ఎటైనా నాలుగు మిల్లీమీటర్లు సర్దుకుని, సదరు అత్తగారి ఊరికి చోటిప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మా ఊరు మాత్రం జరగదు.

ఇట్లు,
తమ విధేయుడు,
పై చెప్పిన ఊరివాడు