చార్టుకీ డేటాబేస్‌కీ మధ్య దూరం ఉండాల్సిందే

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన అద్దాల మేడల్లో పనిచేసే మన తెలుగు పిల్లల్లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ఆలోచన బయలుదేరింది. కంపెనీ లెక్కలన్నీ డేటాబేస్‌లోనే ఉన్నాయి కదా, రిపోర్టులు చేసే సాఫ్ట్‌వేర్‌ని తిన్నగా దానికే కలిపేస్తే చార్టులు వాటంతటవే వచ్చేస్తాయట. మధ్యలో ఎవరూ అంకెల మీద చెయ్యి వేయనక్కర్లేదట. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊళ్లలో జనం సంబరపడ్డారు. కానీ దస్తరం కరణం చేతిలోంచి పోయాక ఆ కరణం ఇంట్లో పరిస్థితి ఏమిటని ఎవరైనా ఆలోచించారా? ప్రతి ఆఫీసులోనూ ఒక ఎక్సెల్ కరణం ఉంటాడు. శుక్రవారం డేటా దింపుకుని, సోమవారం మీటింగులో ఎవరికి ఏది కావాలో అది పైకి తెస్తాడు. ఈ వ్యాసం ఆయన పక్షాన రాస్తున్నాను.

అసలు మన పిల్లలకు చరిత్ర తెలియదు. లెక్కలను టేబుళ్లుగా దాచే రిలేషనల్ డేటాబేస్‌కు మూలపురుషుడు ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్. డేటా మెషీన్ లోపల ఏ అమరికలో ఉందో తెలుసుకోవాల్సిన బాధ నుంచి వాడుకునేవాళ్లను కాపాడాలి అన్న మాటతోనే ఆయన 1970 నాటి తన పేపర్ మొదలుపెట్టాడు. మన కంపెనీలు ఆ మహానుభావుడి ఆశయాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లాయి. అమరిక నుంచే కాదు, అసలు డేటా నుంచే వాడుకునేవాళ్లను కాపాడుతున్నాయి.

ఈ కాపలాలో మొదటి అంచె డ్రైవర్. రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ మాట డేటాబేస్‌కి అర్థం కావాలంటే మధ్యలో డ్రైవర్ అనే దుబాసీ ప్రోగ్రామ్ ఒకటి కావాలి. అందుకోసం 1992 నుంచీ ఓడీబీసీ అనే ఉమ్మడి పద్ధతి ఉంది, జావా భాషలో రాసేవాళ్లకు జేడీబీసీ ఉంది. సాఫ్ట్‌వేర్ 64 బిట్‌దైతే డ్రైవర్ కూడా 64 బిట్‌దే కావాలి. 32 బిట్‌ది వేస్తే వేసినట్టే కనబడదు. పోనీ ఏది వేశామో చూసుకుందామంటే, విండోస్‌లో 64 బిట్ ఓడీబీసీ సెట్టింగుల ప్రోగ్రామ్ సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉంటుంది, 32 బిట్‌ది సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉంటుంది. దీన్ని చూసి కొందరు నవ్వుతారు. నేను నవ్వను. బయటివాడు లోపలికి రాకుండా ఇంత ముందుచూపుతో రాసిన బోర్డులు ఇంకెక్కడా లేవు.

తర్వాతది పోర్టు, అంటే డేటాబేస్‌లోకి వెళ్లే నంబరు వేసిన తలుపు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి మామూలుగా 5432, మై ఎస్‌క్యూఎల్ అనేదానికి 3306. ఈ రంగంలో అందరికీ తెలిసినవే. తెలిసినంత మాత్రాన తెరుచుకోవు, టికెట్ అనే అర్జీ పెట్టుకోవాలి. మారతహళ్లిలో టీ కొట్టు దగ్గర ప్రొద్దుటూరు అమ్మాయి ఒకామె, నెట్‌వర్క్ టీములో ఉన్న నెల్లూరాయన్ని అడుగుతుంటే విన్నాను.

"అన్నా, ఆ పోర్టు కాస్త ఓపెన్ చేయించన్నా."

"టికెట్ వేశావామ్మా?"

"పోయిన వారమే వేశానన్నా. మా మేనేజర్ అప్రూవ్ కూడా చేశాడు."

"సెక్యూరిటీ వాళ్లో?"

"మీరు చేస్తే చేస్తామన్నారు."

"మేం వాళ్లు చేస్తేనే చేస్తామమ్మా."

వ్యవస్థ అంటే ఇదీ. పైగా ఆ అప్రూవ్ చేయాల్సిన పెద్దమనిషి శుక్రవారం సాయంత్రం మడివాళలో ఊరి బస్సెక్కాడంటే సోమవారం దాకా కంపెనీ డేటాకు ఏ భయమూ లేదు.

అంత కాపలా ఉన్నా కొందరు మొండివాళ్లు కలిపేస్తారు. డేటాబేస్ ఆఫీసు సర్వర్‌లోనూ, చార్టులు క్లౌడ్‌లోనూ ఉంటే మధ్యలో గేట్‌వే అనే ప్రోగ్రామ్ పెట్టాలి, అది ఎప్పుడూ ఆపకుండా నడిచే మెషీన్‌లో ఉండాలి. నాకు తెలిసిన ఒక కంపెనీలో దాన్ని ఒకతని లాప్‌టాప్‌లో పెట్టారు. సాయంత్రం ఆరింటికి అతను మూత వేసి బ్యాగులో పెట్టుకుని బయల్దేరతాడు. అక్కణ్నుంచి కంపెనీ చార్టులన్నీ సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఇరుక్కుంటాయి.

కలిసిన తర్వాత వచ్చే అనర్థాలు ఇంకా పెద్దవి. యాక్టివ్ కస్టమర్ అంటే ఎవరు? మార్కెటింగ్ వాళ్ల లెక్కలో యాప్ తెరిచినవాడు. సేల్స్ వాళ్ల లెక్కలో ఎప్పుడో ఒకసారి కొన్నవాడు. ఫైనాన్స్ వాళ్ల లెక్కలో డబ్బు కట్టినవాడు. ఎక్సెల్ కరణం ఉన్నంతకాలం ముగ్గురికీ మూడు అంకెలు, మూడు బోనస్‌లు. ఒకే టేబుల్ నుంచి ఒకే అంకె రావడం మొదలయ్యాక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

అయితే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. డేటాబేస్ కూడా అప్పుడప్పుడు మనిషిలా సహకరిస్తుంది. ఆర్డర్ల టేబుల్‌లో మూడు వేల రూపాయల ఆర్డర్ ఒకటి ఉంది. కొన్నాయన దాన్ని మూడు వాయిదాల్లో కట్టాడు, కాబట్టి పేమెంట్ల టేబుల్‌లో మూడు వరుసలున్నాయి. ఈ రెండు టేబుళ్లనీ జాయిన్ చేసి (అంటే ప్రతి పేమెంటు పక్కనా దాని ఆర్డర్‌ని పెట్టి) ఆర్డర్ మొత్తాన్ని కూడితే, ఆ ఆర్డర్ మూడు సార్లు వచ్చి తొమ్మిది వేలవుతుంది. చార్టు నిటారుగా లేచింది. డైరెక్టర్ గారు కేక్ కట్ చేశారు. క్వెరీని, అంటే డేటాబేస్‌ని అడిగిన ఆ ప్రశ్నని, ఎవరూ తిరిగి చూడలేదు. తర్వాత ఎవరో రిఫండ్‌లు తీసేసి లెక్క కట్టారు, గీత కిందికి దిగింది. అప్పుడు మాత్రం డేటా క్వాలిటీ మీద కమిటీ వేశారు. నేను గమనించినంతలో, పైకి వెళ్లే తప్పుకు ఆడిట్ ఉండదు.

టైమ్‌జోన్ సంగతీ అంతే. చాలా సర్వర్లు టైమ్‌ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాసుకుంటాయి, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. దాన్ని మన టైమ్‌కి మార్చకుండా చార్టు గీస్తే, ఏప్రిల్ 1న అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా జరిగిన అమ్మకాలన్నీ మార్చి 31 ఖాతాలో పడతాయి. అంటే పోయిన ఆర్థిక సంవత్సరంలో! టార్గెట్‌కి కాస్త దూరంలో ఆగిపోయిన సేల్స్ హెడ్‌కి ఇంతకంటే దైవసహాయం ఏముంటుంది? ఈ లోపాన్ని సరిచేయమని అడిగిన కుర్రాడితో, "జూన్‌లో చూద్దాం నాయనా" అన్నాడట.

ఇక కొందరికి కాపీ చేసిన డేటా నచ్చదు. పవర్ బీఐ అనే రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రో లైసెన్స్ మీద షెడ్యూల్ పెట్టుకుంటే రోజుకు ఎనిమిది సార్ల దాకా రిఫ్రెష్ అవుతుంది, అంటే డేటాని మళ్లీ తెచ్చుకుంటుంది. అది చాలదు, లైవ్ కావాలంటారు. లైవ్ అంటే డైరెక్టర్ గారు ఫిల్టర్ నొక్కిన ప్రతిసారీ ఒక క్వెరీ వెళ్లి అసలు డేటాబేస్‌ని తడుతుంది. అవతల అదే డేటాబేస్ మీద ఎవరో కస్టమర్ డబ్బు కడుతూ, తిరుగుతున్న చక్రం వైపు చూస్తుంటాడు. అమ్మకాలు ఎందుకు తగ్గాయని డైరెక్టర్ గారు మళ్లీ ఫిల్టర్ నొక్కుతారు. చదవడానికి విడిగా ఒక రెప్లికా, అంటే డేటాబేస్‌కి నకలు, పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. కానీ దానికి బడ్జెట్ కావాలి, బడ్జెట్ అడగాలంటే చార్టు చూపించాలి.

ఇంత చెప్పినా నమ్మని వాళ్ల కోసం చివరగా ఒక ఉదంతం. ఆ ప్రొద్దుటూరు అమ్మాయి కంపెనీలో డేటాబేస్ కనెక్షన్‌ని ఎవరో తన సొంత అకౌంట్‌తో పెట్టి, జీతం ఎక్కువొస్తుందని హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతని అకౌంట్ తీసేశారు. రిఫ్రెష్ ఫెయిలయిందని మెయిల్ వెళ్లింది, ఆ వెళ్లిపోయిన అతనికే. వరసగా నాలుగు సార్లు ఫెయిలయ్యాక షెడ్యూల్ దానంతటదే ఆగిపోయింది. చార్టు మాత్రం ఎప్పటిలాగే కళకళలాడుతోంది, పాత అంకెలతో. వరసగా మూడు సమీక్షల్లో కస్టమర్ల సంఖ్య ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. "మార్కెట్ ఇంత అల్లకల్లోలంగా ఉన్నా మన స్థిరత్వం చూడండి" అని డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టించారు.

నాలుగో సమీక్షకు ముందురోజు ఆ అమ్మాయి కొత్త యూజర్, కొత్త పాస్‌వర్డ్ పెట్టి రిఫ్రెష్ కొట్టింది. సంఖ్య కదిలింది, కిందికి. ఆ సాయంత్రం నుంచీ వాళ్ల మేనేజర్ ఒక్కొక్కరి సీటు దగ్గరికీ వెళ్లి మెల్లగా అడుగుతున్నాడు, ఆ పాత పాస్‌వర్డ్ ఎవరి దగ్గరైనా ఉందా అని.